గ్లాస్గోలో విక్టోరియన్ ఇల్లని చెప్పి నేలమాళిగ ఇచ్చారు

గ్లాస్గో వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా, 'లిస్టెడ్ విక్టోరియన్ టెర్రస్‌లో బస' అన్న మాట చూసి గది బుక్ చేసుకోకండి. టెర్రస్ అంటే ఇక్కడ డాబా కాదు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళ వరస; లిస్టెడ్ అంటే కాపాడాల్సిన పాత కట్టడంగా ప్రభుత్వ జాబితాకెక్కింది. ఎడిన్‌బరాలో అంతా సాఫీగా గడిచింది. అదే ఊపులో గ్లాస్గో వెస్ట్ ఎండ్‌లో ఇది తీసుకున్నాం. ఫొటోల్లో వెడల్పాటి రాతిమెట్లు, నిలువెత్తు కిటికీలు. రాత్రికి 138 పౌండ్లు, శుభ్రం చేసినందుకు విడిగా 45.

వెళ్ళాక తెలిసింది, ఆ మెట్లు పైవాళ్ళవట. మాది పక్కనున్న ఇనప గేటు తీసుకుని కిందకి దిగితే వచ్చే గది. కిటికీలోంచి చూస్తే దారినపోయేవాళ్ళ బూట్లు కనిపిస్తాయి. మంచం వెనక గోడ చెమ్మ. మావయ్యగారు రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. గోడ మీద చెయ్యి పెట్టి, "ఇది ఈ ఏడాది చెమ్మ కాదు బాబూ" అని, ఇంకేం మాట్లాడకుండా కోటుతోనే పడుకున్నారు. మా ఆవిడకి తండ్రిని అలా చూసి ఏడుపొచ్చినంత పనైంది.

కిటికీ పూర్తిగా మూసుకోవట్లేదని ఓనరుకి ఫోన్ చేస్తే, "ఇది లిస్టెడ్ బిల్డింగ్, మేం ఏదీ ముట్టుకోకూడదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. అలాంటి ఇంటి స్వరూపం మార్చాలంటే అనుమతి కావాలి, స్కాట్లాండ్‌లో ఇంటి లోపలి భాగాలకీ ఆ నియమం ఉంది. కానీ పాడైన కిటికీని ఉన్నదున్నట్టు బాగుచేసుకోవడానికి మామూలుగా ఏ అడ్డూ లేదు. గట్టిగా అడిగితే ఆ 45 పౌండ్లు వెనక్కిచ్చాడు, అంతే.

"ఇంక పాత ఇళ్ళు నాకొద్దు" అన్న మావయ్యగారిని బతిమాలి మర్నాడు గ్లాస్గోలోనే దక్షిణం వైపున్న స్ట్రాత్‌బంగో పేటకి తీసుకెళ్ళాం. సెంట్రల్ స్టేషన్లో లోకల్ ఎక్కి క్వీన్స్ పార్క్‌లో దిగి నడిచాం. మోరే ప్లేస్ కనబడగానే ఆయన నడక ఆగిపోయింది.

పది రెండంతస్తుల ఇళ్ళ వరస అది. 1859-61లో గ్లాస్గో ఆర్కిటెక్టు అలెగ్జాండర్ థామ్సన్ గీసి కట్టించాడు. ఆయన్ని అందరూ 'గ్రీక్' థామ్సన్ అంటారు, గ్రీసు మాత్రం ఎన్నడూ చూడలేదు. రెండు చివర్ల ఇళ్ళు కాస్త ముందుకొచ్చి, పైన త్రికోణపు నెత్తితో గుడి ముఖాల్లా ఉంటాయి. ఆ రెంటి మధ్య పై అంతస్తు పొడవునా ఒకే తీరు చదరపు స్తంభాలు, వాటి మధ్య కిటికీలు. ఒక ఇల్లు ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో పైన చూసి చెప్పలేం. మావయ్యగారు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి, "ఒక్క ఇంటికీ ఎచ్చులు లేవు, చూశావా!" అన్నారు. పొగగొట్టాల మీది కుండలు తామరపూల ఆకారంలో ఉంటాయి, తల ఎత్తి చూడటం మర్చిపోకండి.

తను గీసిన ఈ వరసలోనే ఒకటో నంబరు ఇంట్లో థామ్సన్ 1875లో చనిపోయేదాకా కాపురమున్నాడు. అంతకుముందు ఇరుకు పేటలో ఉండగా నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్నాడని చదివి మా ఆవిడ ఆ ఇంటి ముందు చాలాసేపు నిలబడింది. స్కాట్లాండ్ లిస్టెడ్ కట్టడాల జాబితాలో ఈ వరస అన్నిటికన్నా పై వర్గమైన 'ఏ'లో ఉంది. ఎదురుగా రైలు పట్టాలు. టిక్కెట్టు లేదు, లోపలికి వెళ్ళనివ్వరు. కుటుంబాలు ఉంటున్న ఇళ్ళు, కిటికీల్లోకి కెమెరా పెట్టకండి.

థామ్సన్ గీసిన ఇంకో వరస గ్రేట్ వెస్టర్న్ టెర్రస్ ఇంకా దర్జాగా, రోడ్డుకన్నా ఎత్తులో ఉంటుంది. కళాఖండాలు పోగుచేసిన విలియం బరెల్ అక్కడే ఉండేవాడు. నా ఓటు మాత్రం మోరే ప్లేస్‌కే.

థామ్సన్ పనితనం లోపల కూడా చూడాలంటే క్యాత్‌కార్ట్‌లోని హోమ్‌వుడ్ ఇంటికి వెళ్ళండి, తెరిచి ఉండే రోజులు ముందే చూసుకోండి. బసకి సెంట్రల్ స్టేషన్ దగ్గర మామూలు హోటల్ చాలు. మేం మారిన చోట రాత్రికి 84 పౌండ్లు, గోడలు పొడిగా ఉన్నాయి, వేణ్ణీళ్ళు పొద్దున్నే వచ్చాయి.