నాలుగు మానిటర్లు, ఒక చిన్న కార్డు: క్వాడ్రో పీ620 చాలాకాలం వాడాక

గుంటూరు అరండల్‌పేటలో మాది జీఎస్టీ రిటర్న్‌లు వేసే ఆఫీసు. ట్యాలీ ఒక మానిటర్లో, పోర్టల్ ఒకదాంట్లో, ఎక్సెల్ ఇంకోదాంట్లో తెరిచి ఉంటే గానీ పని సాగదు. ఎన్‌విడియా క్వాడ్రో పీ620 అనే గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని చాలా కాలమైంది. దాని వెనకున్న నాలుగు మినీ డిస్‌ప్లేపోర్ట్‌లంటే (మానిటర్ వైరు పెట్టే చిన్న సాకెట్లు) నాకు ప్రాణం. మానిటర్లన్నీ నేరుగా కార్డుకే, మధ్యలో డాక్ (ఒక్క వైరుతో కంప్యూటర్‌కి పెట్టి మానిటర్లు తగిలించుకునే డబ్బా) గొడవ లేదు.

ఆ గొడవేంటో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఇంతకుముందు మాకు యూఎస్‌బీ డాక్ ఉండేది. అందులో బొమ్మని మన ప్రాసెసరే కుదించి యూఎస్‌బీ వైర్లో పంపాలి, అవతల చిప్ దాన్ని విప్పి చూపించాలి. మామూలు రోజుల్లో బాగానే నడిచేది. మే నెల 20వ తారీఖు, 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్‌కి ఆఖరి రోజు, యార్డు నుంచి వచ్చిన మిర్చి వ్యాపారి ఎదురుగా కూర్చుని ఉండగా రెండు స్క్రీన్లూ నల్లబడ్డాయి. డాక్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. వైరు పీకి పెడితే వస్తాయి, కాసేపటికి మళ్లీ పోతాయి. "ఏవండీ, ఇవాళ అయిపోద్దా, లేట్ ఫీజు పడుద్దా" అని ఆయన. చివరికి ఒక మానిటర్ని మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి తగిలించి, ఐటీసీ (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను క్రెడిట్) అంకెలు కాగితం మీద రాసుకుంటూ పూర్తి చేశాం.

కార్డు వచ్చాక ఆ టెన్షన్ లేదు. గరిష్ఠంగా 40 వాట్లే, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా) నుంచి విడిగా పవర్ వైరు అక్కర్లేదు. సన్న క్యాబినెట్ అయితే మాత్రం కార్డుని క్యాబినెట్‌కి బిగించే చిన్న బ్రాకెట్ ఇస్తున్నారో లేదో అడిగి కొనండి.

అన్నీ నేరుగా అన్నాను గానీ, హెచ్‌డీఎంఐ మానిటర్లకు కన్వర్టర్లు కొనాల్సిందే. మినీ ప్లగ్గుకి లాక్ ఉండదు, ఊడ్చేటప్పుడు వైరు తగిలినా జారిపోతుంది. ఇంకోటి, డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ని బటన్‌తో ఆపితే కంప్యూటర్ దాన్ని తీసేశారనుకుంటుంది, దాంట్లోని విండోలన్నీ పక్క స్క్రీన్లోకి వచ్చి పడతాయి. విండోస్ 11 డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో విండోల స్థానం గుర్తుపెట్టుకునే ఆప్షన్ ఆన్ చేశాక, మానిటర్ వెయ్యగానే చాలావరకు ఎక్కడివక్కడికి పోతున్నాయి.

మాది లెక్కల పని కాబట్టి 2 జీబీ మెమరీ సరిపోతోంది, గేములకో వీడియో ఎడిటింగ్‌కో అయితే నేను చెప్పను. ల్యాప్‌టాప్ వాళ్లకు ఈ దారే లేదు. రెండు మానిటర్లు చాలనుకుంటే కొనేముందు మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ, వీజీఏ రెండూ ఉన్నాయేమో ఓసారి చూడండి, చాలా సిస్టమ్‌లలో ఆ రెండూ ఒకేసారి పనిచేస్తాయి.