జీఐ పీకించి సీపీవీసీ వేయించాక: పదేళ్లు దాటిన వాడకం

తుప్పు ఒక్కటే లెక్కయితే సీపీవీసీ అనే ప్లాస్టిక్ నీళ్ల పైపుకి పూర్తి మార్కులు. హైదరాబాద్‌లో మా ఇంట్లో పాత జీఐ ఇనుప పైపుల లైను పీకించి ఇది వేయించి పదేళ్లు దాటింది. పొద్దున నల్లా తిప్పగానే వచ్చే ఎర్రనీళ్లు మళ్లీ చూడలేదు, పైఅంతస్తులో ధార కూడా తగ్గలేదు.

పాత పైపు కోసి చూస్తే ముప్పావంగుళం దాంట్లో పెన్సిల్ దూరేంత సందే మిగిలింది. మిగతాదంతా తుప్పు గడ్డలే. జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. ముందు జింకు తాను కరుగుతూ ఇనుమును కాస్తుంది. అది అయిపోయాక నీళ్లలోని ఆక్సిజన్ ఇనుము మీద పడుతుంది. నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటితే జింకు ఆ కాపలా కూడా సరిగా కాయకపోవచ్చు. మా ఇంట్లో ముందు పోయింది గీజరు లైనే.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అందుకే పైపు పోయిందని ప్లంబరు తేల్చేశాడు. నాకు నమ్మకం లేదు. సున్నం పొర సమంగా పడితే లోహానికి రక్షణే. అసలు తినేది క్లోరైడ్లు (నీళ్లలోని ఉప్పు లవణాలు), తక్కువ పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లగుణం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఇంకా జీఐతోనే ఉన్నవాళ్లు ముందు నీళ్లు పరీక్ష చేయించుకోండి.

ఇక నా ఫిర్యాదులు. గీజరు దగ్గర సీపీవీసీ చివరి ఇత్తడి ఫిట్టింగుకి జీఐ నిపుల్ (రెండు చివరలా మరలున్న పొట్టి పైపు ముక్క) బిగించి వెళ్లారు. రెండు వేరువేరు లోహాలు నీళ్లలో కలిస్తే ఒకటి రెండోదాన్ని కాపాడుతూ తాను పోతుంది. ఇక్కడ పోయింది జీఐ. గోడంతా చెమ్మ. తర్వాత ఇత్తడి నిపుల్ పెట్టించాను, ఆ చోట మళ్లీ పేచీ రాలేదు. గీజరు లోపలి మెగ్నీషియం కడ్డీ కూడా ఇలా బలి కావడానికే ఉంటుంది. సర్వీసుకి వచ్చినప్పుడు దాన్ని తీయించి చూడండి, చాలామంది అడగరు.

డాబా మీద ఎండ తగిలే పైపు రంగు వెలిసి పెళుసెక్కింది. మార్చిన ముక్కకి నీళ్లలో కలిపే తెల్ల పెయింటు కొట్టించాం. ఆయిల్ పెయింటు మాత్రం వద్దు, అందులోని ద్రావకాలు సీపీవీసీకి పడవు.

కొనేటప్పుడు పైపు మీద సీపీవీసీ పైపుల ప్రమాణం ఐఎస్ 15778 ముద్ర చూడండి. వేడినీళ్ల లైనుకి చవకని చెప్పి యూపీవీసీ (చల్లనీళ్లకి వాడే ప్లాస్టిక్ పైపు) అంటగడితే ఒప్పుకోవద్దు, అది వేడికి మెత్తబడుతుంది. అతికించడానికి కూడా సీపీవీసీ సొల్యూషనే కావాలి, మామూలు పీవీసీది కాదు.