పూతరేకులు బాగున్నాయి, బ్రాకెట్ తప్పింది

హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి పంపాలని మొన్న మండపేట నుంచి రావులపాలెం వెళ్లి, అక్కడ బస్సు మారి లొల్ల లాకుల మీదుగా ఆత్రేయపురం చేరాను. 2023లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఏ బోర్డు చూసినా 'అసలైన' అనే మాట. ఆ మాట లేని కొట్టు ముందు ఆగాను.

వెనక వసారాలో ఒకావిడ నున్నటి కుండ కింద కొబ్బరాకు మంట వేసి, పల్చటి బియ్యప్పిండిలో తడిపిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తున్నారు. అంతలోనే రేకు లేచి వస్తోంది. చేతి గడియారం మీద పెట్టి చూశాను, ముల్లు కనిపించింది. పంచదారవి నోట్లో వేసుకోగానే కరిగిపోయాయి, నెయ్యి కమ్మగా ఉంది. బెల్లంవి మాత్రం కాస్త సాగాయి.

ఇక బిల్లు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని, ఊరుకోలేను. పంచదార పెట్టె 180, బెల్లం పెట్టె 220, పార్సిల్‌కు అట్టపెట్టె 40 రూపాయలు. భాస్కరాచార్యుడు తెలియని రాశులకు యా, కా, నీ అని రాసుకున్నట్టు నేను ప, బ అనుకున్నాను: 180ప + 220బ + 40. ఎనిమిది పంచదారవి, నాలుగు బెల్లంవి. 1440, 880, 40 కలిపి 2360.

కుర్రాడు 2800 అన్నాడు. కాగితం అడిగి చూశాను. 40ని ప్రతి పెట్టెకూ కలిపేశాడు, అంటే (180 + 40)ప + (220 + 40)బ. బడిలో పిల్లలు చేసే తప్పే, కాకపోతే అక్కడ పోయేది మార్కులు. ఇక్కడ 40ని పదకొండు సార్లు అదనంగా వేశాడు, 440 రూపాయలు! నేను బ్రాకెట్ గురించి మొదలుపెట్టేలోపే లోపలి నుంచి ఆవిడ, "అట్టపెట్టె ఒక్కటే కదరా, పన్నెండు సార్లు వేశావేమిటి?" అన్నారు. కుర్రాడు తల గోక్కుని, "తప్పైపోయింది మాస్టారూ" అంటూ దిద్దాడు. మోసం కాదు, తొందర.

మళ్లీ అక్కడే కొంటాను. కానీ అడుగున ఉన్న రెండు పెట్టెల్లో రేకులు పొడి పొడి అయ్యాయని అమ్మాయి ఫోను చేసింది. 40 తీసుకున్నందుకైనా ఆ అట్ట కాస్త గట్టిది వేయాలి.