అపాచీ మంచిదా, ఎంజిన్‌ఎక్స్ మంచిదా?

రెండూ ఓపెన్ సోర్స్ వెబ్ సర్వర్లే, అంటే అడిగినవాళ్లకు వెబ్ పేజీలు పంపే సాఫ్ట్‌వేర్లు. కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. అపాచీ 1995 నాటిది. దాని పాత ప్రీఫోర్క్ పద్ధతిలో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రామ్ ప్రతి) కావాలి. వేలమంది ఒకేసారి వస్తే మెమరీ చాలదు. ఈ చిక్కు విప్పడానికే ఇగోర్ సిసోయెవ్ రాసిన ఎంజిన్‌ఎక్స్ 2004లో బయటికొచ్చింది. అందులో ఒక్క వర్కర్ ప్రాసెసే వేల కనెక్షన్లను చూసుకుంటుంది. తర్వాత అపాచీ కూడా, ఖాళీగా ఉన్న కనెక్షన్లకు ప్రాసెస్‌లను కట్టిపడేయని ఈవెంట్ పద్ధతి తెచ్చుకుంది, అది మరవకూడదు.

షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే చోట, నా ఓటు అపాచీకే. సర్వర్ తాళాలు మన చేతిలో లేకున్నా, ఫోల్డర్‌లో ఒక హెచ్‌టీ యాక్సెస్ ఫైలు (.htaccess, ఆ ఫోల్డర్ సెట్టింగులు రాసుకునే ఫైలు) పెడితే ఒక చిరునామా నుంచి మరోదానికి దారి మళ్లింపులు పనిచేస్తాయి. ఎంజిన్‌ఎక్స్ ఆ ఫైలును చదవదు. సొంత సర్వరైతే మాత్రం ఎంజిన్‌ఎక్స్‌నే ముందు నిలబెడతాను. బొమ్మలు, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్ ఫైళ్లు చకచకా అందిస్తుంది. మిగతా పనికి వెనక అపాచీ ఉన్నా ఇబ్బంది లేదు.