జిమ్మీ యాన్సీ: డాక్యుమెంట్ సీడీలా, అట్లాంటిక్ ఆల్బమా?

బూగీ-వూగీ (ఎడమ చేత్తో ఒకే వరస మళ్లీ మళ్లీ తిప్పే బ్లూస్ పియానో) రుచి కొత్తగా తగిలినవాళ్లు, ఆ శైలి పియానిస్టు యాన్సీ గురించి తరచూ అడిగే ప్రశ్న ఇది. నా ఓటు పాత రికార్డులను మళ్లీ విడుదల చేసే డాక్యుమెంట్ కంపెనీ సీడీల్లో మొదటి సంపుటానికే. అయితే అట్లాంటిక్ కంపెనీ ఆల్బమ్‌ను తీసిపారేయడానికి లేదు.

పాత రికార్డుల గరగర భరించలేనివాళ్లకు అట్లాంటిక్ 'షికాగో పియానో' మొదటి భాగమే సుఖం. 1951 జూలైలో, యాన్సీ చనిపోవడానికి రెండు నెలల ముందు చేసిన సెషన్ అది. ఇజ్రాయెల్ క్రాస్బీ బేస్ వాయించాడు, కొన్ని పాటలు యాన్సీ భార్య మామా యాన్సీ పాడింది. ధ్వని శుభ్రంగా, దగ్గరగా ఉంటుంది. చిక్కల్లా ఆ బేస్‌తోనే: యాన్సీ ఎడమ చేతికి అడ్డొస్తుంది.

యాన్సీని వినేదే ఆ ఎడమ చేతి కోసం. తక్కిన బూగీ పియానిస్టులు చాలామంది బార్‌కు (ఒక తాళావృత్తానికి) ఎనిమిది దెబ్బల చొప్పున ఆగకుండా దొర్లిస్తారు. ఈయన మెత్తగా నొక్కి, మధ్యలో ఖాళీ వదిలి, మళ్లీ అందుకుంటాడు. ఆ ఖాళీలో తీగ మోత సన్నగిల్లడం వినబడాలి. డాక్యుమెంట్ మొదటి సంపుటంలో, ముఖ్యంగా 1939 అక్టోబరులో విక్టర్ రికార్డు కంపెనీకి వాయించిన 'స్టేట్ స్ట్రీట్ స్పెషల్', 'ఫైవ్ ఓ క్లాక్ బ్లూస్' లాంటివాటిలో, ఇది దక్కుతుంది. పాత 78 రికార్డుల (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) నుంచి కాపీ ఎత్తినవి కాబట్టి గరగర తప్పదు, కానీ దాన్ని అతిగా తుడవలేదు. చౌక సంకలనాల్లో అతిగా తుడిచేస్తారు. ఫిల్టర్‌కు సన్నటి మోతకూ హిస్‌కూ (రికార్డు బుసకూ) తేడా తెలియదు, రెండింటినీ కలిపి కోసేస్తుంది. ఖాళీలు చచ్చిపోతాయి, తీగపై పియానో సుత్తి దెబ్బ మొద్దుబారుతుంది. వాటి జోలికి పోవద్దు.

గరగర తగ్గించుకోవాలంటే ముందు మోనో బటన్ నొక్కండి. 78ల గాడి అడ్డంగా కోసింది, సూది నిలువు కదలికంతా చెత్తే. స్టీరియోగా ఎత్తిన కాపీ అయితే ఎడమ కుడి కలపగానే అందులో చాలా భాగం పోతుంది. ఇంకా ఉంటే 6 కిలోహెర్ట్జ్ పైన ట్రెబుల్ 4, 5 డెసిబెల్స్ దించండి.

ఏ కాపీ కొన్నా వేగం సరిచూడండి. పాట ఏ కీలో (శ్రుతిలో) నడిచినా దాదాపు ప్రతిదాన్నీ ఇ-ఫ్లాట్ అనే స్వరంలో ముగించడం యాన్సీ అలవాటు, మనకదే కొలబద్ద. ముగింపు స్వరం దగ్గర ట్యూనర్ యాప్ పెట్టండి. 311 హెర్ట్జ్, లేదా దానికి సగమో రెట్టింపో రావాలి. అర స్వరం (సెమిటోన్) పైకి పోయిందంటే రికార్డు దాదాపు 6 శాతం వేగంగా తిరిగిందన్నమాట, నిమిషానికి 78 చుట్లకు బదులు 82.6. ఒక సెషన్‌లోని పాటలన్నీ ఒకే మోతాదులో తప్పితే పియానో శ్రుతే అంత అయ్యుండొచ్చు. ఒక్కటే తప్పితే ఎత్తినప్పటి పొరపాటు. సాఫ్ట్‌వేర్‌లో స్పీడ్ మార్చండి. పిచ్ ఒక్కటే మారిస్తే లయ తప్పుగానే మిగులుతుంది.

డాక్యుమెంట్ రెండు, మూడు సంపుటాలు తర్వాత తీసుకోవచ్చు. అసలు 78 రికార్డులు సేకరణ పిచ్చి ఉన్నవాళ్లకే.

ఏది విన్నా ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. కింది ఇ-ఫ్లాట్ 78 హెర్ట్జ్, అంత మంద్రం ఆ చిన్న స్పీకర్ పలికించలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకోండి.