డానాంగ్‌లో ఏడాది, ఆ తర్వాత పానగల్లు

మాది నల్లగొండ. ఇక్కడ ప్రైవేటు స్కూల్లో మూడేళ్లు ఇంగ్లిష్ చెప్పి, వియత్నాంలోని డానాంగ్‌కు వెళ్లి ఒక లాంగ్వేజ్ సెంటర్‌లో ఏడాది పనిచేసి వచ్చాను. వెళ్దామనుకునేవాళ్లు ముందు కాగితాల సంగతి చూసుకోండి. నేను వెళ్లినప్పుడు డిగ్రీ సర్టిఫికెట్‌కు, పోలీసు క్లియరెన్స్‌కు మన విదేశాంగ శాఖ ముద్రతో పాటు వాళ్ల ఎంబసీ ముద్ర కూడా పడాల్సి ఉండేది. నేను నమ్ముకున్న ఏజెంటు ఆ రెండోది చెప్పనే లేదు. రెండు నెలలు టెన్షన్‌తో ఇంట్లో కూర్చున్నా.

పాఠం మాత్రం భలే సరదా. మనం ఇంగ్లిష్ మాట చివర ఉకారం తగిలించి ‘బస్సు’ అంటాం కదా, అక్కడి పిల్లలు చివరి హల్లునే మింగేస్తారు. ‘హౌస్’ అనమంటే ‘హౌ’ అని ఊరుకుంటారు. వాళ్లకు ‘స్’ నేర్పబోయి నా ఉకారం నేనే వదిలించుకున్నా. నవంబర్ 20న అక్కడ టీచర్ల దినం. ఆ రోజు నా గది నిండా పూలే.

అద్దె గది బీచ్‌కు దగ్గరే కానీ, కిందనే కరావోకే. రాత్రి పదకొండు దాకా నిద్ర ఉండదు. గది చూడాలంటే సాయంత్రం పూట వెళ్లి చూడండి. తిండికి ‘కోమ్ చాయ్’ అని బోర్డున్న శాకాహార హోటళ్లు వెతుక్కోండి. చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు చాలామంది మాంసం ముట్టరు, ఆ రోజుల్లో అవి కిటకిటలాడతాయి. అయినా ఎల్లిపాయ కారం డబ్బా మాత్రం మర్చిపోకండి.

ముప్పై కిలోమీటర్ల దూరంలో హోయ్ ఆన్ అనే పాత ఊరు. అందరూ పొగిడేది దాన్నే. లాంతర్లు అందంగానే ఉంటాయి, కాకపోతే సాయంత్రమైతే జాతరలో ఇరుక్కున్నట్టే. హోమ్‌స్టే అమ్మ పొద్దున్నే నూడిల్స్ పెట్టి, సైకిల్ ఊరికే ఇచ్చింది. నాకు గుర్తుండేది అదే.

నా మార్కులు మాత్రం ‘మీ సన్’ అనే చోటికే. పూర్వం ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టించిన ఇటుక గుళ్లు, ఎక్కువ భాగం శివుడివే. 1969లో అమెరికా బాంబులకు చాలావరకు కూలిపోయాయి. మన పురావస్తు శాఖవాళ్లు అక్కడ మరమ్మతులు చేస్తూ, 2020లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగాన్ని బయటికి తీశారు. ఇటుకల మధ్య సున్నం కనిపించదు, దగ్గరికెళ్లి వేలు పెట్టి చూశా. టికెట్టు లక్షన్నర డాంగ్, మన లెక్కన ఐదు వందల దాకా. ఎండ మన రోహిణి కార్తెకు తగ్గదు, నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లండి.

నాతో వచ్చిన ఒక స్టూడెంట్ అడిగింది: “కో, మీ ఊళ్లో ఇలాంటి గుడి ఉందా?” (‘కో’ అంటే టీచరమ్మ.) ఉంది, రోజంతా లింగం మీద నీడ పడుతుంది అన్నాను. “ఎలా పడుతుంది?” అంది. ఆ గుడి ఉన్న పానగల్లు మా ఇంటికి ఆటో దూరం. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌కు వెళ్లి పులిహోర తిని వచ్చిన గుర్తు తప్ప నాకేం తెలుసు!

ఇంటికి వచ్చిన మూడో రోజే ఆ గుడికి, ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లా. పూజారి మంటపం స్తంభాల మధ్య నిలబెట్టి, వెలుతురు ఎటునుంచి వస్తోందో చూపించారు. నేను అటూ ఇటూ నడిచినా ఆ నీడ కదల్లేదు. వీడియో తీసి ఆ పిల్లకు పంపా.