లింకన్ లాగ్ కేబిన్: అసలు ఇల్లు పోయిన చోట

అమెరికాలోని ఇలినాయి రాష్ట్రంలో, చార్ల్‌స్టన్ పట్టణానికి దక్షిణాన ఉన్న ఈ చారిత్రక స్థలానికి వెళ్లేవారు ముందే గ్రహించవలసిన విషయం ఒకటుంది: అక్కడి దుంగల ఇల్లు అసలుది కాదు. అబ్రహాం లింకన్ తండ్రి థామస్, సవతి తల్లి సారా 1840లలో కాపురమున్న ఇంటిని 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శన కోసం విప్పి తరలించగా, ఆ తరువాత దాని జాడే లేకుండా పోయింది. ఇప్పుడున్నది 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (నిరుద్యోగ యువతకు పని కల్పించిన ప్రభుత్వ పథకం) యువకులు పాత ఫోటోల ఆధారంగా అదే చోట తిరిగి కట్టినది.

నకలే అయినా నాసిరకం పని కాదు. రెండు గదులూ, వాటి నడుమ పొయ్యీ చూస్తే, ఒక పెద్ద కుటుంబం ఎంత ఇరుకులో సంసారం నెట్టుకొచ్చిందో అర్థమవుతుంది. పోల్చి చూసుకునేందుకు, అదే కాలపు కలిగిన రైతైన సార్జెంట్ ఇంటిని వేరేచోటి నుంచి తెచ్చి పక్కనే నిలిపారు. నా దృష్టిలో ఈ స్థలానికి అసలు విలువ తెచ్చినది ఈ ఏర్పాటే. వేసవిలో ఆనాటి దుస్తులు ధరించినవారు సేద్యం, వంట చేసి చూపుతారు.

అబ్రహాం నివాసమనుకొని వెళ్లేవారికి మాత్రం నిరాశ తప్పదు, ఆయన అప్పటికే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో న్యాయవాది. అధ్యక్ష పదవి చేపట్టేముందు, 1861లో, ఆయన సారాను చూడవచ్చిన మూర్ ఇల్లు దగ్గరలోనే ఉంది కనుక, దానికీ కొంత సమయం కేటాయించుకోవడం మంచిది.